ఎర్రగుంట్ల పేరయ్యగారి జీవిత చరిత్రము

మన కులమున బుట్టి, మన వృత్తినే చేసి, పాఠశాల గడప దొక్కకయే వేలకొలది జనుల జీవితమును మార్చిన మహనీయులలో ఎర్రగుంట్ల పేరయ్యగారు అగ్రగణ్యులు. ఒంగోలు సీమయందు ఆయన పేరు నేటికిని పెద్దలనోట వినబడుచుండును. కృష్ణానదికి ఉత్తరముననున్న నల్లగొండ, పాలమూరు మండలములలోని మనవా రనేకులు ఆ పేరు విన్నవారే యైనను ఆయన చరిత్రమును క్రమముగా నెరుగరు. ఈ మెట్టసీమలోని మాదిగవాడలయందు నేడు కనబడు ప్రార్థనామందిరములలో చాలవాటి మూలమును వెదకుచు బోయినచో, ఆ త్రోవ కృష్ణను దాటి, గుండ్లకమ్మను దాటి, తాళ్లకొండపాడను చిన్నపల్లెకు జేరును. కావున ఈ వార్షిక మహాసభా సంచికయందు ఆయన జీవితమును సంగ్రహముగా వ్రాయబూనితిమి.

మన మహాసభ పందిటిక్రింద హిందువులును క్రైస్తవులును సోదరభావముతో గూర్చుండువారు. ఒక మతమును పొగడుటకు గాని వేరొకదానిని తెగడుటకు గాని ఈ వ్యాసము ఉద్దేశింపబడలేదు. ఒక మనుష్యుడు తన హృదయమున నిలుపుకొనిన నమ్మికను నలుగురియెదుట ఎట్లు వెల్లడించెను, వెల్లడించిన పిమ్మట దానిని ఎట్లు పంచిపెట్టెను, అందులకు ఆయనయు ఆయన వెంట నడచినవారును ఏమి వెల యిచ్చిరి అనునదియే ఇందలి విషయము.

కాలస్థితియు వృత్తియు

తాళ్లకొండపాడు ఒంగోలుకు సుమారు 40 మైళ్ళ దూరముననుండు పల్లె. ఆ కాలమున ఒంగోలు ప్రాంతము చెన్నపురి రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు జేరియుండెను. మాదిగవాడ ఊరికి వెలుపల నుండుట, ఊరిబావి ముట్టరాకుండుట, చచ్చిన పశువును మోసికొనిపోవుట, రైతులకు మోటతోళ్ళును చెప్పులును కుట్టియిచ్చి కళ్ళమున మేర గింజలు గైకొనుట, జాతరలకు డప్పు కొట్టుట, అధికారి వచ్చినపుడెల్ల వెట్టి మోయుట, ఇవియన్నియు తరతరములుగా మనవారికి నడచుచుండిన కట్టుబాట్లు. మోటతోలు లేనిదే చేను తడియదు. చెప్పు లేనిదే రైతు దుక్కికి బోలేడు. అయినను ఆ తోలు కుట్టిన చేతిని తాకుట మాత్రము అపవిత్రముగా నెంచబడుచుండెను.

పేరయ్యగారు తోళ్ళ వ్యాపారము చేయువారు. లందలో నానిన తోలును తంగేడుచెక్కతో పదను చేయుటయు, ఆరెయు రంపెయు పట్టి కుట్టుటయు కులవిద్యలు గదా! ఆ విద్యకు బేరము తోడగుటచే ఆయనకు దూరప్రయాణములు తప్పనివయ్యెను. పల్లె విడువనివానికి పల్లెలోని పెద్దల మాటయే వేదము. తోళ్ళకొరకు ఊరూర దిరుగువాడు పలువిధముల మనుష్యులను జూచును, పలు మాటలు వినును, దేనిని నమ్మవలెనో తానే నిర్ణయించుకొనవలసినవా డగును. పేరయ్యగారి జీవితమునకు ఈ ప్రయాణములు గొప్ప పాఠశాలయయ్యె ననుట అతిశయోక్తి కాదు.

జ్ఞానాన్వేషణము

చదువు లేనివారికి వేదాంతము పట్టదని తలచుట గొప్ప పొరపాటు. మాతంగి మొక్కులును గ్రామదేవతల జాతరలును జరుగుచుండిన ఆ వాడలలోనే అచలము, రాజయోగము అను మార్గములు లోలోపల వ్యాపించియుండెను. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో మన కులమువాడైన కక్కయ్య ప్రసిద్ధుడు గదా! ఆ పరంపరకు జెందిన గురువులు తెనుగుదేశమున పల్లెలవెంట దిరుగుచు, దేవుడొక్కడే యనియు, రాతిబొమ్మయందు గాక లోపల వెదకవలయుననియు బోధించుచుండిరి. వారిలో స్త్రీలును గలరు. పేరయ్యగారు అట్టి స్త్రీ గురువొకరిని ఆశ్రయించి యోగమార్గము నభ్యసించిరి. శ్వాసను నిలుపుటయు, మనస్సును ఏకాగ్రము చేయుటయు నేర్చిరి.

ఈ సాధనవలన ఆయనకు కలిగిన లాభము రెండు విధములు. మొదటిది, దేవుడొక్కడే యను నిశ్చయము. రెండవది, జ్ఞానవిషయమున ఆయనను పెద్దగా నెంచి ఆయన మాట వినువారు చుట్టుపట్ల గ్రామములలో నేర్పడుట. అయితే ఈ మార్గము స్వభావముచేతనే రహస్యమైనది. గురువు శిష్యుని చెవిలో చెప్పవలెను. శిష్యుడు దానిని బయట పెట్టరాదు. అన్నము వండుకొని తలుపు మూసికొని తినునట్లు జ్ఞానమును అనుభవించుట ఆ సంప్రదాయపు మర్యాద. తన సాధనచే మనస్సు తృప్తినొందక పేరయ్యగారు వెదకుచునే యుండిరి.

ఏలూరిలో విన్న మాట

వ్యాపార నిమిత్తము ఉత్తరమునకు బోయినపుడు ఆయన ఏలూరు జేరిరి. అచ్చట చర్చి మిషనరీ సొసైటీవారి పక్షమున అలెగ్జాండరు దొరగారు క్రైస్తవబోధ చేయుచుండిరి. పేరయ్యగా రాయన బోధ వినిరి. దేవుడొక్కడే యన్న మాట ఆయనకు క్రొత్త గాదు. ఆ దేవుడు మనుష్యుని వెదకుచు తానే వచ్చెననుట, ఉపదేశము చెవిలో గాక వీథిలో అందరికి చెప్పదగినదనుట, ఇవి క్రొత్త. ఒంగోలునకును ఒక మిషనరీ రాగలడని అలెగ్జాండరుగారు చెప్పగా, ఆ మాటను మూటగట్టుకొని ఆయన ఇల్లు చేరిరి.

ఇచ్చటనుండి ఒంగోలు పోయి బాప్తిస్మము పొందువరకు గడచిన కాలము ఈ చరిత్రమున మిక్కిలి గమనింపదగినది. ఆయనకు సంఘము లేదు, బోధకుడు లేడు, చదువుటకు శక్తి లేదు. తాను విన్నది భార్యయైన నాగమ్మగారికి చెప్పిరి. ఆమె నమ్మినది. విగ్రహారాధన మానిరి. తెలిసినంతమట్టుకు ప్రార్థించుచుండిరి. ఇరుగుపొరుగువారును బంధువులును దీనిని జూచి పేరయ్యకు మతి చలించినదని చెప్పుకొనిరి. ఒకే యింట ఇద్దరిమధ్య మాత్రము వెలుగుచుండిన ఆ నమ్మికను అట్లే దాచుకొనియుండినచో ఆయనకు నష్టమేమియు లేదు. తోళ్ళ బేరము సాగుచుండును, పెద్దరికము నిలుచును, మతి చలించెనన్న మాటయు కొన్నాళ్ళకు మరుగుపడును. అయినను ఆయన ఒంగోలువైపు చెవి పెట్టియే యుండిరి.

1866వ సంవత్సరము

ఈ లోపల ఒంగోలు విషయము కొంత చెప్పవలెను. అమెరికా బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూరున స్థిరపడిరి. 1849లో అచ్చటికి వచ్చిన లైమన్ జ్యూయెట్ దొరగారు ఎన్నో యేండ్లు శ్రమించినను ఫలము మిక్కిలి స్వల్పముగా నుండెను. ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుమారులు ఆలోచించిరి. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారుజామున, జ్యూయెట్ దంపతులును ముగ్గురు తెనుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి, ఈ పట్టణమునకు ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యందురు.

1866లో జ్యూయెట్‌గారు ఒంగోలున నుండగా పేరయ్యగారును నాగమ్మగారును ఆయనయొద్దకు బోయిరి. వారిని వెదకి తెచ్చినవారు లేరు. బియ్యమో బట్టయో యిత్తుమన్నవారు లేరు. తాముగా నమ్మి, తాముగా నడచి వచ్చిన ఆ దంపతుల విశ్వాసమును పరీక్షించి జ్యూయెట్‌గారు ఆశ్చర్యమును ఆనందమును బొంది ఇరువురకును బాప్తిస్మమిచ్చిరి. నదిలోనో చెరువులోనో నలుగురు చూచుచుండగా నీటమునిగి లేచుట బాప్తిస్టుల ఆచారము. అది చెవిలో పొందు ఉపదేశము వంటిది గాదు. వెల్లడియే దాని ప్రాణము. ఇంటిలోని నమ్మిక ఆ దినమున వీథిలోనికి వచ్చినది.

అదే సంవత్సరము సెప్టెంబరు నెలలో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపితమయ్యెను.

చింతతోపులో అయిదు దినములు

బాప్తిస్మము పొందిన పేరయ్యగారు మిషను బంగళా నీడను జేరి సుఖముగా నుండలేదు. ఊరికి మరలి, భార్యతో గూడ గ్రామములవెంట దిరుగ నారంభించిరి. మొదట తన మాట వినుచుండినవారి యొద్దకే పోయిరి. పూర్వము తాను చెప్పిన మార్గమున తనకు దొరకనిది ఇప్పుడు దొరకినదని వారితో చెప్పిరి. పెద్దరికము గలవానికి ఇంతకంటె కష్టమైన పని వేరొకటి లేదు. జ్ఞాని యని పేరు పొందినవాడు నేను ఇంకను వెదకుచుంటినని యొప్పుకొనుట తన గౌరవమును తానే తీసి క్రింద బెట్టుట గదా! పేరయ్యగారి ఔదార్యము ఇచ్చట మొదలయ్యెనని మా తలంపు. ఆయన ధనవంతుడై దానము చేసినవాడు గాడు. తనకు గౌరవము దెచ్చిన రహస్యమును విడిచి, తనకు నింద దెచ్చిన సత్యమును ఉచితముగా బంచినవాడు.

1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వచ్చి చింతతోపులో డేరా వేయించిరి. పలుగ్రామములనుండి మనవారు అన్నపుమూటలును బట్టలును వెంటదెచ్చుకొని అక్కడికి వచ్చి చేరిరి. అయిదు దినములు ఆ చింతల నీడనే యుండి బోధ వినిరి. వారు అన్యదేశపు దొర మాటకు వచ్చినవారు కారు. పేరయ్యగారి నోట ముందే వినియున్నవారు. దొరగారు విత్తుటకు వచ్చి కోతకు సిద్ధముగానున్న చేనిని జూచిరి. ఆ సందర్భమున 28 మంది బాప్తిస్మము పొందిరి.

పిమ్మట పేరయ్యగారు పుస్తకములును కరపత్రములును అడిగి తీసికొనిరి. ఆయనకు చదువురాదు, కాని పోయిన ప్రతి యూర చదువనేర్చినవా డొక్కడైన నుండకపోడు గదా! వానిచే చదివించి తాను వివరించుట ఆయన పద్ధతి. అట్లు నిరక్షరుడు మోసికొని పోయిన అక్షరములు వాడవాడకు జేరినవి. నాగమ్మగారు వెంట నుండుటచే స్త్రీలకును ఈ మాట అందినది. పురుషుడు గడపదాక పోగలడు. పొయ్యిదగ్గరకు పోగలది స్త్రీయే. కావున ఈ చరిత్రమున సగము నాగమ్మగారి దనుట న్యాయము.

వెల యిచ్చిన కాలము

మాదిగలు సంఘమున జేరుట చూచి ఒంగోలులోని అగ్రవర్ణములవారు కొందరు అసంతుష్టులైరి. మిషను పాఠశాలలో తమ పిల్లలను జదివించుచుండిన ఆ పెద్దలు, వీరిని చేర్చుకొనిన తాము దూరముగా నుందుమని తెలియజేసిరి. క్లౌ దొరగారికి ఇది గొప్ప సంకటమయ్యెను. ఆయనయు ఆయన భార్యయు వేర్వేరు గదులలో నుండి బైబిలు తెరువగా, ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దేవుడు అల్పులను ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే కనబడెనని ఆ సంఘ చరిత్రమున ప్రసిద్ధి. పాఠశాల మూతపడెను. మాదిగవాడ తలుపు తెరచియే యుండెను.

పల్లెలలో కష్టము ఇంతకంటె పెద్దది. క్రైస్తవులైన మాదిగలు జాతరలకు డప్పు కొట్టమనిరి. చచ్చిన పశువుల మాంసము తినమనిరి. ఆదివారము పని చేయమనిరి. ఊరి కట్టుబాటు మూడుచోట్ల తెగినది. మునసబులును కరణములును కోపించిరి. నీటికి అడ్డువచ్చిరి, మేర నిలిపిరి, లేని నేరములు మోపి కచేరీల కీడ్చిరి. క్లౌ దొరగారు పై యధికారులకు విన్నవించి కొన్నిచోట్ల న్యాయము సంపాదించినను, దెబ్బలు తిన్నవారు మనవారే. నమ్మికను ఇంట దాచుకొనియుండినచో ఈ కష్టములలో నొకటియు వచ్చియుండదు. డప్పు భుజమున వేసికొని జాతరకు బోయి, రాత్రి యింట ప్రార్థన చేసికొనవచ్చును. అట్లు చేయకుండుటయే వారి సాహసము.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి గల్పించిరి. సంఘబోధకులే మేస్త్రీలుగా నిలిచి పని చేయించిరి. కూలికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకుండుటకై క్షామకాలమున పదునైదు నెలలు ఒక్కరికైన బాప్తిస్మమియ్యలేదు. క్షామసహాయము ఆగిన పిమ్మటనే ద్వారము తెరచిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు ఈ సంఖ్య 9,606 అయ్యెను. ఆ దినమున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు దొరలు కారు, తెనుగు బోధకులే. 12 సంవత్సరముల క్రిందట ఇద్దరు దంపతులతో మొదలైన పని యిట్లు పెరిగినది. కూలి లేనిదినములలో, నిందలు మాత్రమే కూలిగా దొరకిన దినములలో పేరయ్య నాగమ్మ దంపతులు నడచిన త్రోవయే ఈ జనసమూహమునకు బాటయయ్యెను.

మన మండలములకు చేరిన విధము

ఒంగోలున పుట్టిన ఈ ఉద్యమమునకు 1872లో స్థాపితమైన రామాయపట్నము వేదాంత పాఠశాల బలము నిచ్చెను. ఆ మిషను నిజాము రాష్ట్రమునకు వ్యాపించి, 1885లో పాలమూరునందు స్థానము ఏర్పరచెను. 1890లో రష్యాదేశపు మెన్నొనైటు క్రైస్తవుడైన అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు నల్లగొండయందు పని ప్రారంభించిరి. ఇరువదవ శతాబ్దమున మెన్నొనైటు బ్రదరెన్ మిషనువారు నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి మొదలగు చోట్ల స్థానములు నెలకొల్పిరి. 1937లో మహబూబునగరు, గద్వాల క్షేత్రములును వారి వశమయ్యెను. బడియు, వైద్యశాలయు, పిల్లల వసతిగృహమును ఈ మెట్టసీమలోని మన వాడలకు మొదట దగ్గరయైనది చాలచోట్ల ఈ మార్గముననే. జాగీరుదారుల వెట్టిక్రింద నలిగిన తండ్రి తన కుమారుని చేత పలక పట్టించుటకు పంపిన చోటులివి. తాళ్లకొండపాడులో చదువురాని వ్యక్తి పుస్తకములకై చేయి చాపిన దినమునకును, పాలమూరు మాదిగపిల్లవాడు అక్షరము దిద్దిన దినమునకును సంబంధము లేదనగలమా?

నేటి మనకు

ఈ చరిత్రము పాతకథ యని మూసిపెట్టుటకు వీలులేదు. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకు మాత్రము పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ హక్కు లభించెను, క్రైస్తవులకు లభింపలేదు. తెలంగాణమున క్రైస్తవులైన మాదిగలు వెనుకబడిన తరగతులలో సి వర్గమున జేర్చబడియున్నారు. వాడ ఒక్కటే, వెలి ఒక్కటే, వృత్తి ఒక్కటే యైనను, కాగితము మాత్రము రెండుగా చీలినది. అందుచే కాగితమున నొకటియు గుండెలో నొకటియు పెట్టుకొని బ్రదుకువారు మనలో నెందరో గలరు. బిడ్డల చదువును ఉద్యోగమును తలచి మౌనముగా నుండు తండ్రిని పిరికివాడని నిందించుటకు మాకు నోరు రాదు. ఆ మౌనమునకు కారణము అతడొక్కడే కాడు. అతనిని ఆ యిరుకున నిలిపిన కట్టుబాటు. పేరయ్యగారి కాలమున మేర నిలిపినది గ్రామము. నేడు హక్కు నిలుపునది శాసనము. ఈ విషయమై హిందువులైన సోదరులును క్రైస్తవులైన సోదరులును ఒకరినొకరు అనుమానింపక ఈ మహాసభయందు కూర్చుండి న్యాయముగా ఆలోచింపవలయునని మా ప్రార్థన.

పేరయ్యగారి వర్తనము ఇందులకు మార్గదర్శకము. ఆయన నమ్మికను వెల్లడించెను గాని దానిని కత్తిగా ఝళిపింపలేదు. పాతమార్గమున నున్న బంధువులను విడనాడలేదు; వారి యొద్దకే మొదట పోయెను. మతి చలించినవా డన్నవారికే తనకు దొరకిన దానిని దెచ్చి యిచ్చెను. వెల్లడించుటలో ధైర్యము కలదు, పంచుటలో ప్రేమ కలదు. ధైర్యము మాత్రమే యున్న కలహము పుట్టును. ప్రేమ మాత్రమే యుండి ధైర్యము లేకున్న మాట గడప దాటదు. ఈ రెండును ఆ మహనీయునియందు గూడియుండుటచేతనే, ఒక తోళ్ళ వ్యాపారి యింటిలోని ప్రార్థన జిల్లాలు దాటి, నది దాటి మన మండలములవరకు వచ్చినది.

ఆయనకు శిలావిగ్రహములు లేకపోవచ్చును. మన యువకులు ఆయన చరిత్రమును తెలిసికొని, తమకు లభించిన విద్యను గాని, విశ్వాసమును గాని, ధనమును గాని తలుపు మూసికొని అనుభవింపక వాడకు పంచిపెట్టుదురేని, ఎర్రగుంట్ల పేరయ్యగారి పేరు మన కులమున చిరస్థాయిగా నిలుచుననుటకు సందేహము లేదు.